కార్టూన్ సెల్‌లో అసలు ఏది?

యానిమేషన్ సెల్ అంటే పారదర్శకమైన పల్చటి ప్లాస్టిక్ షీటు. దాని ముందువైపు బొమ్మ గీతలు, వెనుకవైపు రంగులు ఉంటాయి. కదిలే పాత్రను ఈ షీటు మీద వేసి, కదలని ఇల్లూ చెట్టూ ఆకాశం వేరే కాగితం మీద చిత్రించి, ఒకదాని మీద ఒకటి పరిచి, పైనుంచి కెమెరాతో ఒక్కో ఫ్రేమూ ఫొటో తీసేవారు. అమెరికాకు చెందిన ఎర్ల్ హర్డ్ 1914లో ఈ పద్ధతికి పేటెంటు కోరాడు. అంతకుముందు సాధారణంగా పాత్ర కొంచెం కదిలినా దాని వెనకున్న దృశ్యాన్ని కూడా మళ్లీ గీయాల్సి వచ్చేది. తొలినాళ్ల సెల్స్‌ని సెల్యులోజ్ నైట్రేటుతో తయారుచేశారు. అది ఇట్టే అంటుకునే పదార్థం కావడంతో తర్వాత సెల్యులోజ్ అసిటేటు వాడుకలోకి వచ్చింది.

టెలివిజన్ వచ్చాక సెల్స్ తయారీ అపారంగా పెరిగింది. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా 1957లో సొంత స్టూడియో పెట్టారు. వాళ్ల ‘ఫ్లింట్‌స్టోన్స్’ 1960లో ప్రసారమైంది. జపాన్‌లో ఒసాము తెజుకా ‘ఆస్ట్రో బాయ్’ 1963 జనవరి 1న మొదలైంది. అప్పటినుంచి దాదాపు నలభై ఏళ్లపాటు టీవీలో పిల్లలు చూసిన కార్టూన్లలో చాలా భాగం ఇలా చేత్తో రంగులు వేసిన షీట్లనుంచి పుట్టినవే. ఫొటో తీయడం అయిపోగానే ఆ షీట్ల పని తీరిపోయేది. కొన్నిటిని కడిగి మళ్లీ వాడుకునేవారు, చాలావాటిని పారేసేవారు, కొన్నిటిని స్టూడియో చూడవచ్చిన వాళ్ల చేతుల్లో పెట్టేవారు. టీవీ కార్టూన్లకు ముందే, 1938లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని కూర్వాజియే గ్యాలరీ డిస్నీ సెల్స్‌ని ఫ్రేములు కట్టి అమ్మడం మొదలుపెట్టాక గాని అవి గోడకు తగిలించుకోదగ్గ వస్తువులన్న ఆలోచన వ్యాపించలేదు. ఇప్పుడు ‘సింప్సన్స్’, ‘స్కూబీ డూ’, ‘సైలర్ మూన్’ సెల్స్‌ని ఏరికోరి కొనేవాళ్లు అనేక దేశాల్లో ఉన్నారు. వేలం సంస్థలు వాటికోసం ప్రత్యేకంగా అమ్మకాలు జరుపుతున్నాయి.

అలా కొన్నవాళ్లు తమ దగ్గర ఉన్నది ‘ఒరిజినల్’ అని చెబుతారు. దేనికి ఒరిజినల్ అన్నది ఇక్కడ తేలాల్సిన ప్రశ్న. కార్టూన్‌కా? అలాగైతే ఆ కార్టూన్‌ని చూసిన కోట్ల మందిలో ఈ షీటుని చూసినవాళ్లు దాదాపు ఎవరూ లేరు. పాత్రకా? పాత్ర వేల షీట్లలో ఉంది, ఏ ఒక్కదానిలోనూ పూర్తిగా లేదు. ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది గాని, దీన్ని పట్టుకుని వెళితే భాగానికీ మొత్తానికీ ఉన్న సంబంధం, క్షణానికీ కదలికకీ ఉన్న సంబంధం, వస్తువుకీ మమకారానికీ ఉన్న సంబంధం అన్నీ ముందుకొస్తాయి. భారతీయ దర్శనాలు ఈ మూడింటినీ ఎంతో లోతుగా చర్చించాయి.

ముందు వస్తువుని దగ్గరగా చూడాలి. అమెరికన్ స్టూడియోల సెల్ సాధారణంగా పదిన్నర అంగుళాల ఎత్తు, పన్నెండున్నర అంగుళాల వెడల్పు ఉంటుంది. ఒక అంచున కొన్ని రంధ్రాలు ఉంటాయి. షీట్లన్నీ ఒకే చోట కచ్చితంగా కూర్చునేలా వాటిని మేకుల్లాంటి పొడవాటి గుబ్బలకు తగిలించేవారు. ఒక మూల ఒక అక్షరం, ఒక అంకె కనిపిస్తాయి: ఏ పొర, వరసలో ఎన్నో బొమ్మ అన్నది వాటివల్ల తెలుస్తుంది. ముందువైపునుంచి చూస్తే రంగు ఎక్కడా హెచ్చుతగ్గులు లేకుండా సమంగా, గీతకు అంటుకుని ఆగినట్టు ఉంటుంది. తిప్పి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. వెనకవైపు రంగు ముద్దలుగా పేరుకుని ఉంటుంది, కుంచె ఆగిన చోట గట్టు కట్టి ఉంటుంది, ఒక రంగు పక్క రంగు మీదకి ఎక్కి ఉంటుంది. గీత ముందువైపు ఉండబట్టి ఈ చిందరవందర అంతా దాని చాటుకు పోతుంది. వేలిముద్రలు పడకుండా నూలు చేతితొడుగులు తొడుక్కుని, గంటల తరబడి వంగి కూర్చుని ఎవరో వేసిన రంగు అది. జపనీస్ సెల్స్‌లో చాలాసార్లు దాని పెన్సిల్ బొమ్మ కాగితం కూడా వెనక అతుక్కుపోయి దొరుకుతుంది.

ఈ రంగు సైతం తెరమీది రంగు కాదు. నాలుగైదు షీట్లు ఒకదాని మీద ఒకటి పడితే అడుగున ఉన్నది కాస్త మసకబారుతుంది. అందుకని ఒకే చొక్కాకి పై పొరలో ఒక ఛాయ, కింది పొరలో కొంచెం లేత ఛాయ కలిపి వేసేవారు. కెమెరా కింద అన్నీ కలిసినప్పుడే అవి ఒకే రంగుగా తేలతాయి. అంతేకాదు, ‘ఫ్లింట్‌స్టోన్స్’ రంగుల్లోనే తయారైనా, 1960లో అమెరికా ఇళ్లలో ఉన్న టీవీలు ఎక్కువగా నలుపు తెలుపువే. అందులో ముఖ్యపాత్ర ఫ్రెడ్ తొడుక్కున్న నారింజరంగు చర్మాన్ని ఆనాటి ప్రేక్షకుల్లో చాలామంది బూడిదరంగులోనే చూశారు. ఇవాళ ఆ కాలపు సెల్‌ని గోడకు పెట్టుకున్న మనిషికి, అప్పటి ప్రేక్షకుడు ఎన్నడూ చూడనిది కనిపిస్తోంది.

టీవీ సెల్స్‌లో భాగాల సమస్య ఇంకా గట్టిగా ఎదురవుతుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు నడుస్తుంది. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు కావాలి. ఆ లెక్కన 22 నిమిషాల భాగానికి 15,840 బొమ్మలు. వారం వారం ప్రసారమయ్యే కార్యక్రమానికి అంత డబ్బూ ఉండదు, అంత వ్యవధీ ఉండదు. అందుకని శరీరాన్ని ఒక షీటు మీద కదలకుండా ఉంచి, తల ఇంకో షీటు మీద, నోరు వేరే షీటు మీద వేసి, మాట్లాడేటప్పుడు నోటి షీట్లు మాత్రమే మార్చేవారు. హన్నా, బార్బెరాల మరో పాత్ర యోగి బేర్‌కి మెడలో కాలరు, టై ఉండటానికి కారణం కూడా ఇదే: తలకీ మొండేనికీ మధ్య అతుకు వాటి కింద దాగిపోతుంది. ఫలితంగా ఇవాళ సేకరించేవారికి నోరు లేని ముఖాలు, మొండెం లేని తలలు, ఖాళీ షీటు మధ్యలో ఒంటరి పెదవులు దొరుకుతుంటాయి. నోరు లేని ముఖాన్ని కొన్న మనిషి దగ్గర ఆ పాత్ర ఉన్నట్టా, లేనట్టా?

కదలిక సంగతి ఇంకా చిక్కైనది. చీకట్లో కొరివిని గిరగిరా తిప్పితే నిప్పు చక్రం కనిపిస్తుంది. దీన్ని అలాతచక్రం అంటారు. న్యాయసూత్రాల మూడో అధ్యాయంలో ఈ ఉదాహరణ ఉంది: కొరివి ఒక్కో చోట వరసగా ఉన్నా, వేగం మూలంగా ఆ వరస తెలియక, అంతా ఒకేసారి ఉన్నట్టు తోస్తుంది. అద్వైత ఆచార్యుడు గౌడపాదుడి మాండూక్య కారికల్లో నాలుగో ప్రకరణానికి అలాతశాంతి అనే పేరు. కొరివి కదిలేటప్పుడు కనిపించే వంకర టింకర ఆకారాలు బయటెక్కడి నుంచో వచ్చి చేరినవి కావనీ, కొరివి ఆగినప్పుడు అవి దానిలోకి వెళ్లి దాక్కోవనీ ఆయన వాదన. సినిమా పుట్టడానికి వెయ్యేళ్లకు పైగా ముందే, కదిలే బొమ్మ కంటికి ఎలా కడుతుందో చెప్పడానికి ఇంతకంటే సరైన ఉదాహరణ ఎవరూ ఇవ్వలేదు. గౌడపాదుడి మాట సెల్‌కి యథాతథంగా వర్తిస్తుంది. ఫ్రెడ్ పరుగు ఏ షీటులోనూ లేదు. ప్రదర్శన ఆగిపోయాక ఆ పరుగు షీటులోకి వెళ్లి దాక్కోనూ లేదు. గోడమీద ఉన్నది కొరివి, చక్రం కాదు.

అయితే ఈ పోలిక ఒక చోట సరిపడదు. అక్కడ కొరివి ఒకటే, ఇక్కడ షీట్లు వేలు. ప్రతిదీ తన క్షణానికి మాత్రమే పనికొస్తుంది, మరుక్షణం ఇంకోటి దాని స్థానంలోకి వస్తుంది. ఇది బౌద్ధుల క్షణికవాదానికి దగ్గరి చిత్రం. ధర్మకీర్తి వంటివారు ప్రతి వస్తువూ క్షణంలో పుట్టి క్షణంలో నశిస్తుందనీ, మనం ఒకే వస్తువు అనుకునేది అలాంటి క్షణాల ప్రవాహమనీ, దాని పేరే సంతానమనీ చెప్పారు. మిలిందపఞ్హ అనే బౌద్ధ గ్రంథంలో భిక్షువు నాగసేనుడు మిలిందరాజుని, రథం అంటే ఇరుసా, చక్రాలా, నొగలా అని ఒక్కొక్కటిగా అడిగి, అవేవీ కాదనిపించి, అన్నీ కూడితే ‘రథం’ అన్న వ్యవహారం ఏర్పడుతుందని ఒప్పిస్తాడు. ఆ దృష్టితో చూస్తే ఫ్రెడ్ ఫ్లింట్‌స్టోన్ కూడా వ్యవహారమే. ఏ సెల్‌లోనూ ఫ్రెడ్ లేడు, సెల్స్ అన్నీ పోగుచేసినా ఫ్రెడ్ ఉండడు.

న్యాయ దర్శనానికి చెందిన నైయాయికులు దీన్ని ఒప్పుకోరు. అవయవాలు కూడినప్పుడు అవయవి అనే కొత్త పదార్థం నిజంగానే పుడుతుందనీ, అది సమవాయమనే విడదీయరాని సంబంధంతో తన అవయవాల్లో ఉంటుందనీ, చెట్టు ఒక పక్కనుంచి కనిపించినా మనం చూసేది చెట్టునే అనీ వాళ్లంటారు. సేకరించేవాళ్లకి ఈ మాట ఊరట ఇచ్చేలా ఉంది: ఒక్క సెల్‌ని చూసినా చూసింది ఆ కార్టూన్‌నే అనుకోవచ్చు. కానీ అదే న్యాయశాస్త్రాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకెళితే ఊరట నిలవదు. దారాలు బట్టకి సమవాయి కారణం. దారాలు విడిపోతే బట్ట ఉండదు. కుమ్మరి చక్రం కుండకి నిమిత్త కారణం. చక్రం విరిగిపోయినా కుండకి ఏమీ కాదు. సెల్స్‌ని కడిగేశారు, పారేశారు, ఖండాంతరాలకు అమ్మేశారు. కార్టూన్ మాత్రం చెక్కుచెదరలేదు, ఇప్పటికీ ప్రసారమవుతూనే ఉంది. కాబట్టి సెల్ కార్టూన్‌కి అవయవం కాదు, అవయవాలు ఫిల్ము మీది ఫ్రేములు. సెల్ నిమిత్త కారణం. కుమ్మరి చక్రానికీ దీనికీ తేడా లేకపోలేదు. చక్రం ఆకారం కుండలో కనపడదు, సెల్ ఆకారం ఫ్రేములో అచ్చంగా దిగుతుంది. దాని రూపం ఫిల్ములోకి వెళ్లింది, దాని పదార్థం వెళ్లలేదు. అంతమాత్రం చేత సెల్ తక్కువదైపోదు. ‘ఇది కార్టూన్ ముక్క’ అనే మాట మాత్రం నిలవదు.

ఇరవయ్యో శతాబ్దపు పాశ్చాత్య తత్వవేత్తలు ఇదే చోటికి వేరే దారిలో వచ్చారు. యాంత్రికంగా నకళ్లు తీసే యుగంలో కళ గురించి వాల్టర్ బెన్యమీన్ 1935లో రాసిన వ్యాసంలో, ఒక నెగెటివ్ నుంచి ఎన్ని ఫొటోలైనా తీయొచ్చు కాబట్టి వాటిలో అసలుది ఏదని అడగడం అర్థంలేని పని అన్నాడు. ఒకే చోట, ఒకే ఒక్కటిగా ఉండే కళావస్తువుకి ఉండే ప్రభ సినిమాకి ఉండదన్నది ఆయన అభిప్రాయం. నెల్సన్ గుడ్‌మన్ 1968లో కళల్ని రెండు రకాలుగా విడదీశాడు: చిత్రలేఖనంలో మూలప్రతికీ నకలుకీ తేడా ఉంటుంది, సంగీతంలో స్వరలిపికి తగ్గట్టు పాడిన ప్రతి కచేరీ అసలుదే. సెల్ ఈ విభజనకి సరిగ్గా మధ్యలో నిలబడుతుంది. మూలప్రతి లేని కళ కార్టూన్. కానీ దాన్ని తయారుచేసే క్రమంలో ఒక్కొక్కటీ ఒకే ఒక్కటైన వేలాది చేతిబొమ్మలు పుట్టాయి. బెన్యమీన్ పోయిందన్న ప్రభ కృతినుంచి జారి, కృతికి పనిముట్టైన షీటు మీద వాలింది. ఇలా జరుగుతుందని ఆయన ఊహించినట్టు లేదు.

ఈ ప్రభ ఎక్కడినుంచి వస్తుందో తెలియాలంటే సెల్స్ బజారులో ఉన్న ఒక విచిత్రమైన తేడాని చూడాలి. కెమెరా కిందికి వెళ్లినవాటిని ప్రొడక్షన్ సెల్ అంటారు. స్టూడియోలే అమ్మకం కోసం, అదే రకం షీటు మీద, అదే పద్ధతిలో చేత్తో రంగులు వేయించి కొన్ని వందల ప్రతులు చేయించినవాటిని లిమిటెడ్ ఎడిషన్ అంటారు. స్క్రీన్ ప్రింటింగ్‌తో అచ్చువేసినవి సెరిసెల్స్. లిమిటెడ్ ఎడిషన్‌లో పనితనం చాలాసార్లు ప్రొడక్షన్ సెల్ కంటే శ్రద్ధగా ఉంటుంది. అయినా సేకరించేవారు మొదటిదానికే ఎక్కువ విలువ ఇస్తారు. రెండింటినీ పక్కపక్కన పెడితే కంటికి కనిపించే తేడా ఏమీ ఉండకపోవచ్చు. ఉన్న తేడా అంతా గతంలో ఉంది: ఒకటి ఒకానొక రోజున సెకనులో ఎన్నో వంతుపాటు కెమెరా కింద ఉంది, రెండోది లేదు.

కంటికి కనిపించని గతానికి ఇంత విలువ ఇవ్వడం మూర్ఖత్వం అని తోసిపుచ్చడానికి వీల్లేదు. మతాలు దీన్ని ఎప్పటినుంచో గుర్తించాయి. బౌద్ధ సంప్రదాయం పూజనీయమైన వాటిని మూడుగా చెబుతుంది: శరీర ధాతువులు శారీరికాలు, బుద్ధుడు వాడిన భిక్షాపాత్ర, బోధివృక్షం వంటివి పారిభోగికాలు, ఆయన్ని ఉద్దేశించి చేసిన ప్రతిమలు ఉద్దేశికాలు. ప్రొడక్షన్ సెల్ పారిభోగికానికి సాటి, లిమిటెడ్ ఎడిషన్ ఉద్దేశికానికి సాటి. మొదటిది తాకినది, రెండోది తలపించేది. భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రియా ధాతు కరండాలు బయటికి తీసినప్పుడు, ఆ రాతి పెట్టెల మీదున్న బ్రాహ్మీ శాసనాలే వాటిలో ఉన్నది ఏమిటో చెప్పాయి. శాసనం లేకపోతే లోపలి ఎముక ముక్క మరే ఎముక ముక్కకీ తీసిపోదు, మించిపోదు. సెల్ మూలనున్న అంకె, వెనక అతుక్కున్న పెన్సిల్ బొమ్మ, ఫలానా ఎపిసోడులో ఫలానా క్షణానిదని చూపే ఫ్రేము అలాంటి శాసనాలే. వాటిని చెరిపేస్తే ప్రొడక్షన్ సెల్ రంగు పూసిన ప్లాస్టిక్‌గా మిగులుతుంది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ధాతువుని పూజించేవాడు బుద్ధుణ్ణి తలుచుకుంటాడు. సెల్‌ని దాచుకునేవాడు ఎవర్ని తలుచుకుంటున్నాడు? చాలామంది పాత్రని, ఆ పాత్రని సృష్టించిన ప్రసిద్ధుణ్ణి తలుచుకుంటారు. హన్నా, బార్బెరా సంతకాలున్న సెల్స్‌కి ఉన్న గిరాకీ అందుకు సాక్ష్యం. నిజానికి ఆ షీటు మీద బొమ్మ వేసిన చేయి వాళ్లది కాదు. డిస్నీలో గీతలూ రంగులూ వేసే విభాగంలో పనిచేసినవాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. జపాన్‌లో రంగులద్దే పనిని బయట చిన్న సంస్థలకూ, ఇళ్ల దగ్గర పనిచేసేవారికీ ఇచ్చేవారు. ‘సింప్సన్స్’ తొలి ఎపిసోడ్ల సెల్స్ అమెరికాలో కాక దక్షిణ కొరియాలోని సోల్‌లో, ఆకోమ్ స్టూడియోలో తయారయ్యాయి. స్ప్రింగ్‌ఫీల్డ్ అనే అమెరికన్ ఊరి పసుపురంగు ముఖాలకు ఆ పసుపు పూసింది కొరియా కార్మికులు. వాళ్ల పేరు సెల్ మీద ఉండదు. ధాతువు అనే భావాన్ని నిజాయితీగా అన్వయిస్తే, సెల్‌లో భద్రంగా ఉన్నది ఆ పేరులేని మనుషుల స్పర్శే. ఫిల్ములోకి దిగనిది అదొక్కటే. వెనకవైపు ఆ రంగుముద్దలు తెరమీద ఎన్నడూ కనిపించవు, నకలు తీయడానికి లొంగవు. ‘ఒరిజినల్’ అన్న మాటకు సెల్‌లో నిలిచే అర్థం ఏదైనా ఉంటే ఇదే: కార్టూన్‌కి కాదు, ఒక పనికి, ఒక కార్మికుడి లేదా కార్మికురాలి గంటలకి అది మూలప్రతి.

ఇక మమకారం ప్రశ్న. యోగసూత్రాల్లోని యమాల్లోనూ, జైనుల మహావ్రతాల్లోనూ అపరిగ్రహం ఉంది. సేకరణ అంటేనే పరిగ్రహం కాబట్టి ఈ అలవాటు ఆధ్యాత్మికంగా దోషమేనని తేల్చేయడం సులువు. కానీ జైన ఆచార్యుడు ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం ఏడో అధ్యాయంలో పరిగ్రహాన్ని వస్తువుతో ముడిపెట్టలేదు, వస్తువు మీది మూర్ఛతో ముడిపెట్టాడు. కూడబెట్టడం కంటే, కూడబెట్టినదాని మీద మనసు ఒళ్లు మరిచి పడిపోవడం అసలు బంధం. ఈ నిర్వచనంలో సేకరించేవారికి మినహాయింపు లేదు, అలాగని వాళ్లందరి మీదా ముందే తీర్పూ లేదు. ఒక షీటుని ఎందుకు, ఎలా ఉంచుకున్నారన్నదే తేలాలి.

సెల్ పదార్థం ఈ విచారణకు తోడ్పడుతుంది. అసిటేటు తనంతట తాను కుళ్లుతుంది. వేడీ తేమా తగిలితే దానిలోంచి అసిటిక్ ఆమ్లం వెలువడి, పులిసిన వెనిగర్ వాసన వస్తుంది. షీటు ముడుచుకుని అలలు తేలుతుంది, రంగు పెచ్చులుగా లేస్తుంది. ఆ ఆవిరి పక్క షీట్లని కూడా త్వరగా పాడుచేస్తుంది, కాబట్టి గాలి ఆడకుండా మూసిన ఫ్రేము మేలుకి బదులు కీడు చేస్తుంది. లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ కన్జర్వేషన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు డిస్నీ సంస్థతో కలిసి ఈ క్షయం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. చల్లదనం, తగుమాత్రపు తేమ, వెలుతురు తగలకపోవడం క్షయాన్ని నెమ్మదింపజేస్తాయి. పూర్తిగా ఆపే ఉపాయం లేదు. క్షణం కోసం చేసిన వస్తువుని శాశ్వతం చేయాలన్న కోరిక ఇక్కడ రసాయనశాస్త్రంతోనే ఢీకొంటుంది. ఒక విషయం మాత్రం స్పష్టం: సెల్‌ని చూసుకుని మురిసిపోవడానికి ఎండపడే గోడమీద వేలాడదీసేవాడు దాన్ని చంపుతున్నాడు, చీకటి పెట్టెలో ఉంచి ఎప్పుడో ఒకసారి తీసి చూసేవాడు కాపాడుతున్నాడు. మూర్ఛకీ సంరక్షణకీ తేడా ఇంత ప్రత్యక్షంగా చూపించే వస్తువులు తక్కువ.

ఈ విచారణ వల్ల సేకరించేవారి నడవడికి కొన్ని బాధ్యతలు ఏర్పడతాయి. నిమిత్త కారణాలు ఒకదానితో ఒకటి కలిసి పనిచేసినప్పుడే వాటికి అర్థం. కాబట్టి ఒకే షాట్‌కి చెందిన ముఖం, నోరు, నేపథ్యం కలిసి దొరికితే లాభం కోసం వాటిని విడివిడిగా అమ్మడం తప్పు. శుభ్రంగా కనిపించాలని వెనక అతుక్కున్న పెన్సిల్ బొమ్మని బలవంతంగా పీకడం రంగుకీ, బొమ్మకీ రెండిటికీ హాని. ఫ్రేములో చక్కగా అమరాలని రంధ్రాలున్న అంచుని కత్తిరించడం శాసనాన్ని చెక్కేయడంతో సమానం. ఏ ఎపిసోడు, ఎన్నో బొమ్మ, ఏ దేశంలో ఏ స్టూడియోలో రంగు వేశారు అన్న వివరాలు తెలిసినంత మేరకు రాసి షీటుతో పాటే ఉంచాలి. సంతకం పెట్టిన ప్రసిద్ధుడి పేరు ఎలాగూ నిలుస్తుంది. రంగు వేసినవాళ్ల పేర్లు పాత కార్టూన్ల చివర వచ్చే పేర్ల జాబితాలో దొరికితే వాటిని కూడా ఆ కాగితంమీద చేర్చడం న్యాయం.

డిస్నీ 1990లోనే సినిమాల్లో కంప్యూటర్ రంగులకు మారింది. ‘సింప్సన్స్’ 2002లో మారింది. జపాన్‌లో టీవీ కార్యక్రమాల్లో సెల్స్‌ని చివరిదాకా వాడిన ‘సజాయె సాన్’ 2013లో వాటిని వదిలేసింది. టెలివిజన్ కోసం చేత్తో రంగు వేసిన కొత్త సెల్ ఇక రావడం లేదు కాబట్టి, మిగిలినవి ఎంత కాలం నిలుస్తాయన్నది పూర్తిగా వాటిని దాచుకున్నవాళ్ల చేతుల్లోనే ఉంది.